కబ్ద్‌లో నడిచి వచ్చినవాళ్ళ మఠం

మేము నడిచింది మూడు రోజులు. అదే దారి కారులో అరగంట. ఇది చదివి వెళ్ళాలనిపించినవాళ్ళు కారులోనే వెళ్ళడం మంచిదని ముందే చెప్పేస్తున్నాను. కాకపోతే కారులో వెళ్ళినవాళ్ళకు అక్కడ మంచం ఇవ్వరు. భోజనం కూడా ఆఖరి పంక్తిలోనే.

నేను పద్నాలుగేళ్ళుగా కువైట్‌లో, అర్దియాలో ఒక ఇంట్లో వంట చేస్తున్నాను. పేరు సుబ్బలక్షుమ్మ. మాది రాజంపేట పక్క పల్లె. బడికి పోలేదు. మా నాయనే చాటలో బియ్యం పరిచి అక్షరాలు దిద్దించాడు. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. ఇందులో తప్పులుంటే నావి. బాగున్నదేదైనా ఉంటే అది దారిలో మాకు నీళ్ళిచ్చినవాళ్ళది.

మా ఇంటి యజమానురాలిని మామా అంటాను. ఇక్కడ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళందరం అట్లాగే అంటాం. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. ఆమె భర్తను పెద్దబాబా అనేవాళ్ళం. ఆయన పోయి ఆరేళ్ళయింది. పెద్దబాబా వయసులో ఉండగా ఉద్యోగం పని మీద స్పెయిన్ దేశం వెళ్ళి, కొండల్లో వానకు దారి తప్పాడట. అక్కడ తొమ్మిది వందల ఏళ్ళనాటి రాతి మఠం ఒకటి కనబడింది. ఎక్కడో దూరాన ఉన్న పుణ్యక్షేత్రానికి కాలినడకన పోయే యాత్రికులు మధ్యలో ఒక రాత్రి తలదాచుకునేందుకు అప్పటి సన్యాసులు కట్టిన ఇల్లు. వాళ్ళు ఆయన పేరు అడగలేదు, మతం అడగలేదు. వేడి చారు పోసి, మంచం చూపించి, తెల్లారి పంపేశారు. ఆయన ఆ చారు జన్మంతా మరిచిపోలేదు. డబ్బు చేతికి రాగానే కబ్ద్ ఎడారిలో ఉన్న తన తోటలో అట్లాంటి మఠమే కట్టించాడు, సిమెంటుతో.

ఆయన ఉన్నన్నాళ్ళు, ఆయన మాట మీదనో మొహమాటానికో, ఏటా ఎవరో ఒకరు నడిచి వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళ కోసం ఒక పుస్తకం పెట్టాడు. ఆయన పోయాక ఆ పుస్తకంలో ఒక్క వరస కూడా పడలేదు. కువైట్‌లో కబ్ద్‌కు ఎవరు నడుస్తారు? పెద్దకొడుకు ఖాలిద్‌కు అక్కడ గుర్రాల కొట్టం వేయాలని ఉంది. తల్లీకొడుకులు ఒక మాటకు వచ్చారు. ఈ చలికాలం, ఫిబ్రవరి నెలాఖరులోగా, ఒక్క యాత్రికుడైనా నడిచి వచ్చి పుస్తకంలో పడితే మఠం ఉంటుంది. లేకపోతే ఖలాస్.

ఆ ఖలాస్ సిమెంటు గోడలకు మాత్రమే అయితే నేను ఇంత నడిచేదాన్ని కాదు. మఠం చూసుకునే మనిషి సత్తిబాబు. కోనసీమవాడు, యాభై ఐదేళ్ళవాడు. మఠం పోతే ఆయన ఇఖామా పోతుంది. ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం అదే. ఆ వయసులో పూచీ పడి పని ఇచ్చే ఇంకో కఫీల్ దొరకడు. ఊళ్ళో ఇద్దరు ఆడపిల్లల చదువు సగంలో ఉంది. వారం వారం ఫోన్లో సరుకులు చెప్పే ఆయన గొంతే నాకు తెలుసు గాని మనిషిని చూడలేదు. యాత్రికులు రాని మఠంలో ఆరేళ్ళుగా రోజూ చారు కాచి, పొద్దుగూకాక తనే తాగుతున్న మనిషి. దొంగపేరు ఒకటి రాసుకుంటే తీరిపోయేది. రాయలేదు.

"నేనే నడుస్తాను" అంది మామా. ఆమె రెండు మోకాళ్ళకూ డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. ఎడారిలో మెట్లు లేవు కదా అంది.

అర్దియా: అందరూ మంచివాళ్ళే

గురువారం పొద్దున ఏడింటికి బయలుదేరాం. మామా చేతిలో పెద్దబాబా కర్ర, కాళ్ళకు మనవడి ఆటల బూట్లు. నా భుజాన రెండు ఫ్లాస్కులు, మామా మాత్రలు, ఖర్జూరాలు, నాకోసం బొరుగుల పొట్లం. వెనక పది అడుగుల దూరంలో పెద్ద తెల్లకారు, నాలుగు లైట్లూ టిక్కుటిక్కుమంటూ మా నడకతోపాటు వస్తోంది. అది ఖాలిద్ పెట్టిన షరతు. డ్రైవరు రఫీక్, బంగ్లాదేశ్ మనిషి. మూడు రోజులు ఫస్టు గేరులోనే పోవాలంటే ఏడుపు మొహం పెట్టాడు.

మా పక్క ఊళ్ళలో నడిచిపోయే మనిషిని ఏ ఊరని అడుగుతారు, అంతే. కువైట్‌లో రోడ్డు పక్కన నడిచే మనిషంటే ఆపదలో ఉన్న మనిషే. అందులోనూ ముసలావిడ, పనిమనిషి, వెనక లైట్లు కొట్టుకుంటున్న కారు. గంటలో పదకొండు కార్లు ఆగాయి. నీళ్ళ సీసాలిచ్చారు, గొడుగు ఇచ్చారు, ఒకాయన వేడివేడి రొట్టెలు ఆరు చేతిలో పెట్టి ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు. బేకరీలో అయితే వాటికి నూట ఇరవై ఫిల్స్ ఇవ్వాలి. మోసే బరువు ఎక్కువైందనే గాని, ఆ పూట నేను చేతులెత్తి దండం పెట్టని కారు లేదు.

ఆరో రింగు రోడ్డు దగ్గర ఆఫీసుకు పోయే అమ్మాయి ఒకతె కారు ఆపి, మామాను చూసి ఏడ్చేసింది. వాళ్ళ అవ్వకు మతిమరుపట. ఇట్లాగే ఒకరోజు ఇంట్లోంచి నడిచి వెళ్ళిపోయిందట. మామా తనకు అట్లాంటిదేమీ లేదని నిదానంగా చెప్పింది. ఎడారిలో క్రైస్తవుల మఠానికి పోతున్నాననీ, అది తన భర్త సిమెంటుతో కట్టాడనీ, ఒక హిందువు ఉద్యోగం నిలబెట్టడానికి పోతున్నాననీ వివరించింది. ఆ పిల్లకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఇద్దరినీ కారులో కూచోబెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ మలయాళీ నర్సు మామాకు బీపీ చూసి, ఈ వయసులో ఇంత బాగుండడం చూడలేదని చీటీ రాసిచ్చింది. ఆ చీటీ చూసి ఆ పిల్ల మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో. బయటికి రాగానే మామా ఒక నియమం పెట్టింది. ఎక్కించుకున్న చోటికే తిరిగిపోయి అక్కడి నుంచి నడవాలి. రఫీక్ మమ్మల్ని మళ్ళీ ఆ దీపస్తంభం దగ్గరే దింపాడు. అప్పటికి పదకొండయింది. కనుచూపు మేరలో మా వీధి ఇంకా కనబడుతూనే ఉంది.

అబ్బాసియా: కుక్కరు కాపలా

అర్దియా నుంచి అబ్బాసియాకు కారులో పది నిమిషాలు. మామా అరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. వంతెన దిగగానే ఆమె ముక్కు ఎగబీల్చింది. కరివేపాకు, డీజిల్, మురుగు, మల్లెపూలు అన్నీ కలిసి వచ్చే వాసన అది. నాకైతే ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. మసాలా దోసె ఆరు వందల ఫిల్స్. మామా ఒకటి తిని, రెండోది రఫీక్‌కు కట్టించుకుని అదీ తినేసింది.

ఆ రాత్రికి బస మా పక్క ఊరి రెడ్డెమ్మ ఇంట్లో. భర్త టైలరు, మూడో అంతస్తులో ఒకటిన్నర గది. మేము డాక్టరు వద్దన్న మెట్లే ఎక్కుతుంటే పైన ఏవో తలుపులు, పరుగులు, చెప్పుల చప్పుడు. ఎవరో పెళ్ళికి పోతున్నారనుకున్నాను. రెడ్డెమ్మ తలుపు సందులోంచి ఒక్క కన్నుతో చూసి నన్ను లోపలికి లాగింది.

"ఏం మే సుబ్బక్కా, ముందర ఈయమ్మ వస్తాదని చెప్పగూడదా? నువ్వు ఒక్కదానివే అనుకుంటి. మా బిల్డింగు సగం ఖాళీ అయిపాయ."

సంగతి ఏమిటంటే, కువైటీ ఆవిడ కర్ర పట్టుకుని అబ్బాసియా మెట్లెక్కుతోందంటే దానికి ఒకటే అర్థం. ఇల్లు విడిచిపోయిన పనిమనిషిని వెతుక్కుంటూ వచ్చింది. పక్కన ఇంకో పనిమనిషి ఉందంటే అది గుర్తుపట్టడానికి. ఎవరి భయాలు వాళ్ళవి. రెండో అంతస్తు బ్యాచిలర్లు వెనక మెట్ల మీదుగా దిగి పోయారు. వాళ్ళలో ఒకరు పొయ్యి మీద కుక్కరు వదిలేసి పోయారు. ఐదు విజిళ్ళు వచ్చాక మామా తట్టుకోలేక కిందికి దిగి, తెరిచిన తలుపులోంచి పోయి పొయ్యి ఆర్పింది. ఆర్పి వచ్చేస్తే బాగుండేది. తలుపు తీసి ఉన్న ఇంటిని వదిలి ఎట్లా వస్తామని అక్కడే ప్లాస్టిక్ స్టూలు మీద కూచుంది. గంట తర్వాత ఆ మనిషి పిల్లిలా తిరిగి వచ్చేసరికి, తన కందిపప్పు పక్కన కర్ర ఆనించుకుని కువైటీ ఆవిడ కాపలా ఉంది. అతను నిలబడిన చోటే రెండు చేతులూ పైకెత్తాడు. మామా అతనికి కుక్కరు మూత రబ్బరు మార్చుకోమని చెప్పి పైకి వచ్చింది.

రెడ్డెమ్మ సంగటి కెలికి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి నూరింది. మామా సంగటి ముద్ద చూసి సంతోషపడింది. ఇది మా అసీదాయే కదా, చక్కెరా నెయ్యీ ఏవీ అంది. నేను తెలుగులో చెప్పాను. రెడ్డెమ్మ గరిటె కింద పెట్టేసింది.

"సంగట్లోకి చక్కెరా? నా కండ్ల ముందర వద్దు. చక్కెర డబ్బా ఇస్తా, ఆ పక్కకు తిరుక్కోని తినమను."

మామా నిజంగానే గోడ వైపు తిరిగి తింది. రెండు ముద్దలు తిని, ఈ పిల్లకు మంచి గట్టి మనసు ఉందని మెచ్చుకుంది. మంచం మామాకు ఇచ్చి, రెడ్డెమ్మా మొగుడూ నేనూ కింద పడుకున్నాం. పరాయి ఇంట్లో పడుకునే ముందు ఆ ఇంటివాళ్ళ పేర్లు చెప్పి స్వామికి మొక్కుకోవడం నా అలవాటు. ఆ రోజు కుక్కరు మనిషి పేరు తెలియక, కుక్కరు మనిషి అనే చెప్పుకున్నాను.

ఏడో రింగు రోడ్డు: లారీ మీద కారు, కారులో రఫీక్

శుక్రవారం రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఏడో రింగు దాటాక ఇళ్ళు అయిపోయి ఇసుక మొదలైంది. చలికాలం కాబట్టి ఎండ మెత్తగా ఉంది. మామా చదువుకునే రోజుల ముచ్చట్లు చెబుతోంది. ఎంతసేపటికీ వెనక టిక్కుటిక్కు వినబడడం లేదని తిరిగి చూస్తే కారు లేదు. అంటే, ఉంది, కానీ గాలిలో ఉంది.

చెడిపోయిన బండ్లను ఎత్తుకుపోయే లారీ ఒకటి అటుగా వచ్చింది. దాని డ్రైవరు పెషావరు వైపు పఠాను, ఎర్రగడ్డం పెద్దమనిషి. ముందు ఇద్దరు ఆడవాళ్ళు నడుస్తున్నారు, వెనక కారు లైట్లు కొట్టుకుంటూ ఈడ్చుకుంటూ వస్తోంది. అడగడానికి ఏముంది? కొక్కెం తగిలించాడు. రఫీక్ ఆ సమయంలో భార్యతో ఫోన్లో గొడవ పడుతున్నాడు. నేల కిందికి పోతున్నట్టు అనిపించి తల ఎత్తేసరికి లారీ మీద ఉన్నాడు.

పఠాను మా ఇద్దరినీ కూడా లారీ ముందు సీటులోకి ఎక్కించాడు. మాకు మాట్లాడే సందు ఇవ్వలేదు. శుక్రవారం పూట కష్టంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గర పైసా తీసుకుంటే తనకు అన్నం సహించదని హిందీలో చెప్పాడు. ఫ్లాస్కు విప్పి యాలకుల టీ పోశాడు. అంత మంచి టీ నేను కువైట్‌లో తాగలేదు. ఆ టీ అయ్యేసరికి నాలుగు మైళ్ళు దాటేశాం. అప్పుడు మామా మమ్మల్ని ఎక్కించుకున్న చోటే దింపమంది.

ఆయన బ్రేకు వేశాడు. మొక్కా అని అడిగాడు. అట్లాంటిదే అన్నాను. మొక్కు అనగానే ఆయన లారీ వెనక్కి తిప్పాడు. ఎక్కించిన చోటే దింపాడు. దింపి వెళ్ళిపోలేదు. మొక్కు నడకకు తోడు రావడం పుణ్యమని తన లైట్లు కూడా వేసి మా వెనకే వచ్చాడు. ఎండలో ఇసుక దారి, ముందు మామా, ఆమె పక్కన నేను, మా వెనక టిక్కుటిక్కుమంటూ పెద్ద లారీ, లారీ మీద తెల్లకారు, ఆ కారులో సీటుబెల్టు పెట్టుకుని రఫీక్. కారును దింపాలన్న ఆలోచన మా నలుగురిలో ఎవరికీ రెండు గంటల వరకు రాలేదు.

గుడారం: ఫగా కూర

చలికాలంలో కువైటీలు మేడలు వదిలి ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. మా ఊళ్ళో డబ్బు వస్తే గుడిసె వదిలి మిద్దె కడతాం. వీళ్ళు మిద్దె వదిలి గుడిసెకు వస్తారు. అయితే గుడారంలో టీవీ, ఫ్రిజ్, కాఫీ మిషను అన్నీ ఉంటాయి.

సాయంత్రం అట్లాంటి గుడారం ఒకటి రాత్రికి ఉండమని మమ్మల్ని రమ్మంది. తెలిసినవాళ్ళు కారు. నడుస్తున్నామని చెబితే కోడళ్ళు మళ్ళీ కారు తాళాలు తీయబోయారు. అప్పటికి నాకు తాళాల గలగల వింటేనే భయం పట్టుకుంది. ఆ ఇంటి ముసలావిడ వాళ్ళను ఆపింది. ఎందుకు నడుస్తున్నావని మామాను ఆమె ఒక్కతే సరిగ్గా అడిగింది. ఒక మనిషి రొట్టె పోకుండా అని మామా చెప్పింది.

"అయితే నడువు" అంది ఆమె. నా వైపు తిరిగి, "ఇది కూడా నడుస్తోందా?" అంది.

"నా కన్నా ఎక్కువ. బరువు మొత్తం దాని మీదే" అంది మామా.

ఆమె తన పళ్ళెంలోంచే నాకు ఫగా తీసి పెట్టింది. ఉరుములు మెరుపులు వచ్చిన ఏడు ఇసుక కింద పుట్టే దుంపలాంటిది అది. చూడ్డానికి మట్టి అంటిన ఉర్లగడ్డ. బజారులో కిలో ఎంతని అడిగి, చెప్పింది విని, నోట్లో ఉన్నదాన్ని మరింత నిదానంగా నమిలాను. మా చేలల్లో తొలివానకు లేచే పుట్టగొడుగు రుచే. దాన్ని మేము ఊరికే తినేవాళ్ళం. ఈ ఇసుక కిందికి కూడా దేవుడు అదే రుచి పంపించాడంటే ఆయన వంటగది చాలా పెద్దదని అనుకున్నాను.

కోళ్ళఫారం: మామా మోకాలు

శనివారం నాకు ఒక్కపొద్దు. పొద్దుగూకి దీపం పెట్టేదాకా ఉడికిందేదీ తినను. పుట్టి బుద్ధి తెలిసినప్పటి నుంచీ వెంకటేశ్వరస్వామికి పట్టిన నియమం. ఖర్జూరాలు తిని నడిచాను.

కబ్ద్ తోటలు మొదలయ్యాక కోళ్ళఫారాల వాసన వచ్చింది. మధ్యాహ్నానికి దూరాన మఠం గోపురం కనబడింది, చదరంగా, పొట్టిగా, ఇసుక రంగులో. అది కనబడిన చోటే మామా మోకాలు ఆగిపోయింది. ఒక దాణా బస్తా మీద కూలబడింది. నేను మోకాలికి నూనె రాసి, గుడ్డ కట్టి, గంటసేపు చూశాను. లేచి నాలుగు అడుగులు వేసి మళ్ళీ కూచుంది.

"సుబ్బా, నా మోకాలికి ఇఖామా అయిపోయింది. నువ్వు పో."

యాత్ర మీది కదా మామా, నేను తోడుకు వచ్చినదాన్ని అన్నాను. సత్తిబాబు పిల్లలకు ఎవరి మోకాలైతే ఏమిటి అంది. ఆమెను రఫీక్ చేతుల మీద కారెక్కించాను. ముందుకు పొండి అంటే వినలేదు. నా వెనకే, పది అడుగుల దూరంలో. పద్నాలుగేళ్ళలో మామా నా వెనక రావడం అదే మొదలు. నా నడక నాకే తప్పుగా అనిపించి రెండుసార్లు తడబడ్డాను.

మఠం: సింహానికి పసుపు

గేటు దగ్గరకు రాకముందే గోపురంలో గంట మోగడం మొదలైంది. సత్తిబాబు పొద్దుటి నుంచి అక్కడే కూచుని చూస్తున్నాడట. పెద్దబాబా కుట్టించిన గోధుమరంగు కంబళి అంగీ, దాని మీద మంకీక్యాప్, నుదుటన బొట్టు. పరుగున వచ్చి గేటు తీశాడు గాని, ఒక్క మాట మాట్లాడలేదు. అడగవలసినవి అడిగేదాకా మాట్లాడకూడదని నియమం.

లోపల చల్లగా ఉంది. గోడలు మనిషి బారున మందం, కిటికీలు చెయ్యి పట్టేంత. వరసగా సగానికి విరిగిన చేతిగాజుల్లాంటి గుండ్రని తోరణాలు, వాటి మధ్య నాలుగు పక్కలా వసారా, నడుమ వాకిలి. స్తంభాల తలల మీద బొమ్మలు. అసలు మఠంలో పెద్దబాబా తీసిన ఫొటోలు వానలో తడిసి మసకబారాయట. కంట్రాక్టరు తెలిసింది తెలిసినట్టు, తెలియంది తోచినట్టు చెక్కించాడు. మనిషిని నోట కరుచుకున్న సింహం ఉంది. నడుము కింద రెండు చేపతోకలున్న ఆడది ఉంది. టీ కెటిల్‌లాంటి పక్షి ఒకటి ఉంది. సత్తిబాబుకు ఇది మొదటి నుంచీ సత్రమే, సత్రం కానిది ఇట్లా ఎందుకు అన్నం పెడుతుంది? అందుకని గడపలకు పసుపు రాశాడు. సింహాన్ని నరసింహస్వామి అనీ, చేపను మత్స్యావతారం అనీ తీర్మానించి రోజూ బొట్టు పెడుతున్నాడు. కెటిల్ పక్షికి ఏమీ తోచక, మిగిలిపోతే బాధపడుతుందని దానికీ ఒక బొట్టు.

వాకిట్లో ఖాలిద్ నిలబడి ఉన్నాడు, చేతిలో గుర్రాల కొట్టం నక్షా. చెడ్డవాడు కాదు. ఎప్పుడూ తొందరలో ఉంటాడు, అంతే.

పుస్తకం

గోడ మీద పెద్దబాబా రాయించిన పలక ఉంది. వచ్చినవాళ్ళ పేరు, దేశం, మతం అడగొద్దు. మూడే అడగాలి. సత్తిబాబు పుస్తకం తెరిచి, కలం పట్టుకుని, పలక ముందు నిలబడ్డాడు. 

"నడిచే వచ్చారాండి?"

నడిచే వచ్చాను అన్నాను.

"ఎక్కడి నుంచండి?"

అర్దియా నుంచి.

ఖాలిద్ అడ్డం వచ్చాడు. "ఈమె మా వంటమనిషి. జీతానికి నడిచింది. యాత్ర మా అమ్మది, ఆమె కారులో వచ్చింది."

సత్తిబాబు తనకు వచ్చిన అరబీలో, ఎవరని అడగొద్దని పెద్దాయన రాశారు బాబా అన్నాడు. ఖాలిద్ పలక దగ్గరికి పోయి ఆ వరస వేలితో చూసుకున్నాడు. మామా కుర్చీలోంచి నవ్వింది. ఇక రాయడమే. సత్తిబాబు కలం కాగితం మీద పెట్టి, మళ్ళీ ఎత్తాడు.

"ఎక్కడికి వెళ్తున్నారండి?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. పెద్దాయన చూసిన మఠం దారి మధ్యలో ఉండేది, దారి చివర కాదు. ఇంకా ముందుకు పోయేవాళ్ళే యాత్రికులు. ఇక్కడి వరకే వచ్చినవాళ్ళు చుట్టాలు. చుట్టాలకు అన్నం పెట్టొచ్చు, పుస్తకంలో రాయకూడదు. అబ్బాసియా నుంచి స్నేహితులు వచ్చినా ఆయన అందుకే రాయలేదు.

మామాకు కోపం వచ్చింది. "పిచ్చివాడా, నిన్ను ఎవరు అడగమన్నారు? మేమెవ్వరం చదవలేదు కదా. రాసెయ్."

ఆయన తల అడ్డంగా ఊపి, నాతో తెలుగులో అన్నాడు. "అడక్కుండా రాస్తే అది నా పుస్తకం అవుద్దండి. అయ్యగారిది అవదు. నా పిల్లలు తినే కూడు చెల్లెమ్మా, దొంగరాత మీద ఎలా తినమంటాను?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఇక్కడికే అంటే అది నిజం. నిజం చెబితే ఈ మనిషి పోతాడు. అబద్ధం నాకు రాదు, నాయన నేర్పిన వాటిలో అది లేదు. కళ్ళు మూసుకున్నాను. మా ఇల్లు గుర్తొచ్చింది. మా వాకిలి ముందు నుంచే ఏటా జనం అడవిదారిన కొండకు నడిచేవాళ్ళు, గోవిందా గోవిందా అంటూ. నాయన మజ్జిగ కడవ పెట్టుకుని కూచునేవాడు. నేను గ్లాసులు కడిగేదాన్ని. ఎప్పుడో ఒకప్పుడు ఆ గ్లాసులు దించి వాళ్ళ వెంట నడవాలనుకునేదాన్ని. పెళ్ళి, పిల్లలు, కువైట్. వచ్చిన సెలవులన్నీ ఆసుపత్రులకూ అర్జీలకూ పోయాయి. నడవడం అయితే ఏనాడూ మానుకోలేదు. ఆలస్యం అయింది, అంతే.

"తిరుమలకు" అన్నాను.

ఖాలిద్ ఫోనులో చూసి పెద్దగా నవ్వాడు. మధ్యలో సముద్రం ఉంది అన్నాడు.

"సముద్రం గురించి పలకలో ఏముంది?" అని అడిగింది మామా.

సత్తిబాబు పలకంతా పైనుంచి కింది దాకా మరోసారి చదివాడు. "ఏమీ లేదండి."

రాశాడు. అర్దియా నుంచి తిరుమలకు, కాలినడకన. ఇసుక చల్లి ఆరబెట్టాడు. అప్పుడు చూశాను, ఆయన కళ్ళు తుడుచుకోవడం.

ఖాలిద్ పలక దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఆఖరి వరస అతనికి కనబడింది: తెల్లవారి యాత్రికుడు నడిచి వెళ్ళిపోవాలి. ఒక్కటైనా తప్పితే పుస్తకంలో పడిన వరస కొట్టేస్తానన్నాడు. రేపు నేను గేటు దాటి తిరుమల వైపు నడుస్తూ కనుమరుగయ్యే దాకా గోపురం మీది నుంచి తనే చూస్తానన్నాడు. కారు ఎక్కినట్టు కనబడితే గుర్రాలు వస్తాయి.

ఆ తర్వాత భోజనం. నడిచి వచ్చినవాళ్ళు తిన్నాకే కారులో వచ్చినవాళ్ళకు పెట్టాలి. నాకు ఒక్కపొద్దు. పొద్దు ఇంకా రెండు బారలు ఉంది. యజమానురాలు, ఆమె కొడుకు, రఫీక్ చారు కుండ చుట్టూ కూచుని, నేను ఎప్పుడు తింటానా అని చూస్తున్నారు. నాకు తలెత్తాలంటే సిగ్గు. మీరు తినండి అని బతిమాలాను. సత్తిబాబు గరిటె దాచేశాడు. ఖాలిద్ మాటిమాటికీ కిటికీలోంచి సూర్యుణ్ణి చూశాడు. చివరకు, రంజాన్ ఇంకా రాలేదు కదా అని వాళ్ళమ్మను అడిగాడు. పొద్దుగూకింది, దీపం పెట్టాను, ములక్కాడల చారు మొదటి గుక్క తాగాను. ముగ్గురూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

తెల్లవారి

ఆదివారం. ఖాలిద్ ఆఫీసుకు ఆలస్యమవుతోందని ఫోను చేసి చెప్పాడు. కారణం ఏం చెప్పాడో తెలియదు. తిరుమల ఏ వైపో ఫోనులో అతనే వెతికి, గేటు బయట ఇసుకలో కర్రతో గీత గీశాడు. గీత సరిగ్గా రోడ్డు లేని వైపు పోయింది. సత్తిబాబు పెరుగన్నం మూట చేతికిచ్చాడు. నేను గోవిందా అనుకుని గీత మీద అడుగు పెట్టాను.

ఎడారి బల్లపరుపు నేల. కనుమరుగు కావడమంటే అక్కడ మాటలు కాదు. అరగంట నడిచి తిరిగి చూస్తే గోపురం అట్లాగే ఉంది, దాని మీద ఇద్దరు మనుషులు అట్లాగే ఉన్నారు. సత్తిబాబు తువ్వాలు ఊపుతున్నాడు. ఒంటెల దొడ్డి అడ్డం వస్తే చుట్టు తిరిగాను. ఒక ఒంటె నా మూట వాసన చూసి కొంతదూరం వెంట వచ్చింది. కాస్త ఎడంగా మామా కారు, అద్దం దించి, నా నడకతోనే వస్తోంది.

"ఎన్ని రోజులు కావాలి?" అంది మామా.

ఏమిటి మామా అన్నాను.

"పుస్తకంలో పడ్డాక పోకుండా ఉంటావా? సెలవు. ఎన్ని రోజులు?"

"నలభై, మామా."

"ముప్పై. వంట ఎవరు చేస్తారు?"

"ముప్పై ఐదు."

ఆమె వేళ్ళ మీద లెక్క వేసింది. "ముప్పై ఐదు. ఇప్పుడు ఎక్కు" అంది, వెంటనే గోపురం వైపు చూసి, "వద్దు, ఎక్కకు" అంది.

ఇంకో గంట నడిచాక ఎవరిదో తోట సరిహద్దు వచ్చింది, వరసగా దట్టమైన సరుగుడులాంటి చెట్లు. వాటి వెనక్కి పోయి చూస్తే గోపురం లేదు. మామా ఫోను మోగింది. ఖాలిద్.

"కనబడడం లేదు" అన్నాడు. "గుర్రాలకు వేరే చోటు చూస్తాలే. సత్తిబాబుకు చెప్పాను. ఇంకా తువ్వాలు ఊపుతున్నాడు, దిగమంటే దిగడం లేదు" అన్నాడు.

రఫీక్ దిగి నాకోసం వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. మామా పక్కకు జరిగి చోటిచ్చింది. ఒక్క నిమిషం మామా అని, పెరుగన్నం మూట మాత్రం ఆమె చేతికిచ్చి, చెట్ల నీడ వెంబడి తిరుమల వైపుకే ఇంకొంచెం దూరం నడిచాను. గోపురం మీద చూసేవాళ్ళు లేరు. పుస్తకంలో రాసేవాళ్ళు లేరు. నడుస్తూ, దారిలో ఎదురైనవాళ్ళను ఒక్కొక్కరినీ స్వామికి చెప్పుకున్నాను, ఏడ్చిన పిల్లను, పఠానును, గుడారం ముసలావిడను. పేర్లు ఒక్కటీ తెలియవు. చెట్ల వరస అయిపోయిన చోట ఆగి, ఇసుక మీద నుదురు ఆనించి లేచి, వెనక్కి వచ్చి కారెక్కాను.